హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి విమాన దూరం ఎంత? ఫోన్ కాలిక్యులేటర్‌తో మీరే లెక్కేసుకోండి

ఈ ప్రశ్న చాలామంది చాలా రకాలుగా అడుగుతున్నారు. పిల్లాడి స్కూల్ ప్రాజెక్ట్ కోసమని ఒకరు, ఎయిర్‌లైన్ ఇచ్చే మైల్స్ పాయింట్లు తక్కువ పడ్డాయని ఇంకొకరు, అమ్మానాన్నల్ని మొదటిసారి అమెరికా పంపిస్తూ ఎన్ని గంటలు కూర్చోవాలో అని ఇంకొకరు. అందరి గోలా ఒకటే, ఒక్కో చోట ఒక్కో నంబర్ కనిపిస్తోంది, ఏది కరెక్టో చెప్పండి అని. హైదరాబాద్, శాన్‌ఫ్రాన్సిస్కోనే తీసుకుంటే 13,539 అని ఒక చోట, 8,413 అని ఒక చోట, 7,310 అని ఇంకో చోట, 15,567 అని మరో చోట రావచ్చు. నాలుగూ కరెక్టే! మొదటిది కిలోమీటర్లు, రెండోది మామూలు మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు, నాలుగోది దుబాయ్‌లో దిగి వెళ్తే అయ్యే కిలోమీటర్లు. అసలు గొడవంతా లెక్కలో కాదు, ఏ దూరం కావాలో ఏ కొలతలో కావాలో ముందు అనుకోకపోవడంలో ఉంది. లెక్క అయితే ఇంటర్ చదివినవాళ్లు ఎవరైనా పది నిమిషాల్లో చేసేయొచ్చు.

కావాల్సినవి

- రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశం, రేఖాంశం (వికీపీడియాలో ఆ ఎయిర్‌పోర్ట్ పేజీలో పైనే ఉంటాయి, లేదా గూగుల్ మ్యాప్స్‌లో రన్‌వే మీద వేలు నొక్కిపెట్టి ఉంచితే వస్తాయి)
- సైంటిఫిక్ కాలిక్యులేటర్. చాలా ఫోన్లలో కాలిక్యులేటర్ తెరిచి ఫోన్‌ని అడ్డంగా తిప్పితే సైన్, కాస్ బటన్లు వస్తాయి
- ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, మధ్యలో వచ్చే నంబర్లు రాసుకోకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత దొరకదు
- ఇంట్లో గ్లోబ్ ఉంటే మంచిది

1. ముందు ఏ దూరం కావాలో తేల్చుకోండి

మూడు రకాలున్నాయి. ఒకటి, భూమి గుండ్రటి ఉపరితలం మీద రెండు ఎయిర్‌పోర్టుల మధ్య అతి దగ్గర దారి, దీన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. రెండు, మధ్యలో దిగే ఊళ్లన్నీ కలుపుకుని ఒక్కో ముక్కకీ ఇదే లెక్క వేసి కూడితే వచ్చేది. మూడు, ఆ రోజు విమానం నిజంగా ఎగిరిన దూరం, ఇది రోజుకోరకంగా మారుతుంది, దీన్ని ఫార్ములాతో లెక్కెయ్యలేం, ట్రాకింగ్ సైట్లలో చూసుకోవాల్సిందే. మీకు ఏది కావాలో తెలీకపోతే మొదటిది తీసుకోండి, నూటికి తొంభై సందర్భాల్లో అడిగేది అదే.

2. ఊరివి కాదు, ఎయిర్‌పోర్ట్ కోఆర్డినేట్లు (అక్షాంశం, రేఖాంశం) తీసుకోండి

హైదరాబాద్ అని వెతికితే సిటీ మధ్యలో పాయింట్ చూపిస్తుంది, శంషాబాద్ అక్కణ్ణుంచి దక్షిణాన పదిహేను కిలోమీటర్లకి పైనే ఉంది. ఇంకో తిరకాసు, 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక హెచ్‌వైడి అనే ఎయిర్‌పోర్ట్ కోడ్ దానికి వచ్చింది, అంతకుముందు అది బేగంపేటది. కాబట్టి పాత పట్టికలు ఎక్కడైనా దొరికితే ఆ కోడ్ పక్కన బేగంపేట లొకేషన్ ఉండొచ్చు. బెంగళూరుకీ అదే ఏడాది ఇదే మార్పు జరిగింది, పాతదానికి బదులు దేవనహళ్లి వచ్చింది.

కోడ్ కూడా సరిగ్గా చూసుకోండి. కాలిఫోర్నియాలో శాన్‌హోసే ఎస్‌జేసీ, కోస్టారికాలో శాన్‌హోసే ఎస్‌జేఓ. ఒక్క అక్షరం తేడా, దేశమే మారిపోతుంది. ఎస్‌జేసీ శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మనవాళ్లు చాలామంది వాడే ఎయిర్‌పోర్ట్ కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నా.

మన ఉదాహరణకి:

శంషాబాద్: 17°14′ ఉత్తరం, 78°26′ తూర్పు
శాన్‌ఫ్రాన్సిస్కో: 37.62 ఉత్తరం, 122.38 పశ్చిమం

3. నిమిషాల్ని దశాంశంలోకి మార్చండి

శంషాబాద్‌ది డిగ్రీలు, నిమిషాల్లో ఉంది కదా, దాన్ని 17.14 అని కొట్టేయకండి. నిమిషాల్ని 60తో భాగించి డిగ్రీలకి కలపాలి. 14 ÷ 60 = 0.23, అంటే 17.23. అలాగే 26 ÷ 60 = 0.43, అంటే 78.43. 78.26 అని కొట్టారంటే అక్కడికక్కడే దాదాపు 18 కిలోమీటర్లు పక్కకి జరిగిపోయినట్టు.

రెండు దశాంశ స్థానాలు చాలు. 0.01 డిగ్రీ అంటే సుమారు 1.1 కిలోమీటర్, శంషాబాద్ పెద్ద రన్‌వే ఒక్కటే 4,260 మీటర్లు పొడవుంది, ఇక ఆరేడు దశాంశాలు పట్టుకుని వేలాడి ఏం లాభం చెప్పండి.

4. పశ్చిమానికి మైనస్ పెట్టండి

ఉత్తరం, తూర్పు ప్లస్. దక్షిణం, పశ్చిమం మైనస్. అంటే శాన్‌ఫ్రాన్సిస్కో రేఖాంశం -122.38. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే, దీని గురించి కింద మళ్లీ చెప్తా.

ఇప్పుడు రేఖాంశాల తేడా: 78.43 - (-122.38) = 200.81. తేడా 180 దాటింది ఏంటి అని కంగారు పడొద్దు, 360 లోంచి తీసేసి 159.19 అని వాడినా, 200.81 అలాగే ఉంచినా కాస్ విలువ ఒకటే వస్తుంది.

5. కాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉందా?

సైన్ 30 కొట్టండి. 0.5 వస్తే సరే. -0.988 వస్తే రేడియన్ (కోణానికి ఇంకో కొలత) మోడ్‌లో ఉన్నట్టు, మార్చండి. బటన్ మీద ఏం రాసుందో చూసి నమ్మకండి, కొన్ని ఫోన్లలో దాని మీద రాసుండేది ఇప్పుడున్న మోడ్ కాదు, నొక్కితే రాబోయే మోడ్. సైన్ 30 పరీక్ష అయితే ఏ ఫోన్‌లోనైనా పనిచేస్తుంది.

6. అసలు లెక్క

ఫార్ములా ఇది (కోణం అంటే భూమి కేంద్రం నుంచి చూస్తే రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఉండే కోణం):

కాస్(కోణం) = సైన్(అక్షాంశం 1) × సైన్(అక్షాంశం 2) + కాస్(అక్షాంశం 1) × కాస్(అక్షాంశం 2) × కాస్(రేఖాంశాల తేడా)

చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ రెండు ముక్కలుగా చేస్తే ఏమీ లేదు.

మొదటి ముక్క:
సైన్ 17.23 = 0.2962
సైన్ 37.62 = 0.6104
రెండూ గుణిస్తే 0.1808

రెండో ముక్క:
కాస్ 17.23 = 0.9551
కాస్ 37.62 = 0.7921
కాస్ 200.81 = -0.9348
మూడూ గుణిస్తే -0.7072

కూడితే: 0.1808 - 0.7072 = -0.5264

మైనస్ వచ్చిందని ఆగిపోకండి, రెండు చోట్లూ భూమి మీద పావు చుట్టు కంటే ఎక్కువ దూరంలో ఉంటే, అంటే సుమారు 10,000 కిలోమీటర్లు దాటితే, ఇక్కడ మైనస్ రావాల్సిందే. మైనస్ తీసేసి ముందుకెళ్తే జవాబు సగానికి పడిపోతుంది.

ఇప్పుడు దీనికి ఆర్క్ కాస్ చెయ్యాలి, అంటే కాస్‌కి రివర్స్. కాలిక్యులేటర్‌లో కాస్ పక్కన పైన చిన్నగా -1 ఉన్న బటన్, కొన్నిట్లో సెకండ్ అనో ఇన్‌వర్స్ అనో ఉన్న బటన్ ముందు నొక్కితే అది బయటికొస్తుంది. 1ని కాస్‌తో భాగించడం వేరు, ఇది వేరు, కలిపేయకండి.

ఆర్క్ కాస్(-0.5264) = 121.76 డిగ్రీలు

7. డిగ్రీల్ని కిలోమీటర్లు చెయ్యండి

121.76 × 111.195 = 13,539 కిలోమీటర్లు

111.195 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, భూమి సగటు వ్యాసార్థం 6,371 కి.మీ. అనుకుంటే దాని చుట్టుకొలతని 360తో భాగిస్తే వచ్చేది అది. మైళ్లు కావాలంటే కిలోమీటర్లని 1.6093తో భాగించండి, దాదాపు 8,413. నాటికల్ మైళ్లకి 1.852తో భాగించండి, 7,310. పైలట్లు, ఏవియేషన్ వాళ్లు మాట్లాడేది నాటికల్ మైళ్లలో, టికెట్లు, పాయింట్లలో మైల్స్ అంటే ఎక్కువగా మామూలు మైళ్లు. ఎవరైనా ఊరికే మైల్స్ అని నంబర్ ఇస్తే ఏ మైల్స్ అని అడగండి, ఎందుకంటే రెండింటికీ 15 శాతం తేడా.

8. మధ్యలో దిగుతుంటే

ప్రతి ముక్కకీ వేరేగా 1 నుంచి 7 దాకా చేసి చివర్లో కూడండి. దుబాయ్ (25.25 ఉత్తరం, 55.36 తూర్పు) మీదుగా అయితే హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,547, దుబాయ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,020, మొత్తం 15,567 కి.మీ. నేరుగా వెళ్లేదానికంటే సుమారు 2,030 కిలోమీటర్లు ఎక్కువ. ఇక్కడ నాకు భలే అనిపించే సంగతి ఒకటుంది, మీరు దుబాయ్ దాకా మూడు నాలుగు గంటలు ఎగిరి వెళ్లాక కూడా శాన్‌ఫ్రాన్సిస్కోకి దగ్గరైంది ఐదొందల పైచిలుకు కిలోమీటర్లే. అమ్మానాన్నలు ఇంకా ఎంతసేపు ఇంకా ఎంతసేపు అని అడగడంలో తప్పేముంది!

జవాబు కరెక్టో కాదో ఎలా చూసుకోవాలి

మొదట గరిష్ఠం చూడండి. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యైనా అతి దగ్గర దారి సుమారు 20,015 కి.మీ. మించదు. అంతకంటే ఎక్కువ వచ్చిందంటే ఇంకేం చూడక్కర్లేదు, మళ్లీ మొదలెట్టండి.

తర్వాత తెలిసిన దూరంతో ఫార్ములాని పరీక్షించండి. 2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, మొదటి ఫ్లైట్ కాక్‌పిట్‌లో అందరూ మహిళా పైలట్లే, ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారని పేపర్లన్నీ రాశాయి గుర్తుందా? అప్పుడు ఇచ్చిన నేరు దూరం 13,993 కి.మీ. దేవనహళ్లి 13.20 ఉత్తరం, 77.71 తూర్పు పెట్టి ఇదే ఫార్ములాతో చేస్తే 13,987 వస్తుంది. ఆరు కిలోమీటర్ల తేడా. మీరూ ఒకసారి చేసి చూడండి, 13,987కి అటూ ఇటూగా రెండు మూడు కిలోమీటర్లలో వస్తే మీ చెయ్యి, మీ కాలిక్యులేటర్ రెండూ బాగున్నట్టే.

ఆ చిన్న తేడా ఎందుకంటే భూమి పక్కా గోళం కాదు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది, మధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378, ధ్రువాల వైపు 6,357. మన ఫార్ములా అది పట్టించుకోదు. దానివల్ల వచ్చే తప్పు అర శాతం లోపే ఉంటుంది కాబట్టి 13,539కి ఏదైనా సైట్ 13,500లలోనే ఇంకో నంబర్ చూపిస్తే కొట్లాటకి దిగకండి.

టైమ్‌తో కూడా చూడొచ్చు. టికెట్‌లో ఉన్న ప్రయాణ సమయంతో దూరాన్ని భాగించండి, పెద్ద ఫ్లైట్లకి గంటకి 750 నుంచి 900 మధ్యలో వస్తే బాగానే ఉన్నట్టు. దుబాయ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి సుమారు 16 గంటలు, 13,020 ÷ 16 = 814. సరిపోయింది. కానీ రెండు టైమ్ జోన్లు కలిపేసి, ఎక్కిన టైమూ దిగిన టైమూ తీసేసి గంటలు లెక్కపెడితే ఏదేదో వస్తుంది, టికెట్ మీద మొత్తం సమయం అని విడిగా రాసుండేది వాడండి.

ఇక గ్లోబ్ ఉంటే దారం పట్టుకుని రెండు ఊళ్ల మధ్య బిగించి లాగండి, అదెక్కడ కూర్చుంటుందో అదే దారి. ఆ పొడవుని మధ్యరేఖ చుట్టూ పెట్టి అది ఎన్నో వంతో చూసుకుని 40,000 కి.మీ.తో గుణిస్తే పైపైన జవాబు వచ్చేస్తుంది. మన దారి మూడో వంతుకి కాస్త పైన రావాలి. పిల్లలకి చూపించడానికి ఇంతకంటే మంచిది లేదు, ఎందుకంటే హైదరాబాద్ నుంచి అమెరికా అంటే పడమరకో తూర్పుకో వెళ్లాలని గోడ మీద మ్యాప్ చూసి అనుకుంటారు, దారమేమో నేపాల్ మీదుగా టిబెట్, మంగోలియా పడమటి అంచు, సైబీరియా ఎక్కి 71.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, అంటే ఆర్కిటిక్ సముద్రం దాకా పోయి అలాస్కా మీదుగా కిందకి దిగుతుంది.

గ్లోబ్ లేకపోతే కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఒక ఎయిర్‌పోర్ట్ మీద రైట్ క్లిక్ చేసి దూరం కొలిచే ఆప్షన్ తీసుకుని రెండో ఎయిర్‌పోర్ట్ మీద క్లిక్ చెయ్యండి. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్ కూడా ఉంది, రెండు కోడ్‌లు ఇస్తే చాలు. అయితే మరి ఇదంతా ఎందుకు, డైరెక్టుగా అదే చూసుకోవచ్చు కదా అంటారు. చూసుకోండి, కాదనను, కానీ రెండు సైట్లు రెండు నంబర్లు చూపించినప్పుడు ఎందుకో తెలియాలంటే ఒక్కసారైనా చేత్తో చేసి ఉండాలి.

ఎక్కువగా జరిగే తప్పులు

మైనస్ మర్చిపోవడం. 122.38కి మైనస్ పెట్టకపోతే 4,836 కి.మీ. వస్తుంది. ఆ పాయింట్ ఎక్కడుందో తెలుసా, చైనాలో షాన్‌డాంగ్ ద్వీపకల్పం కొస దగ్గర సముద్రంలో. నంబర్ చూడ్డానికి బానే ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం, అందుకే అమెరికా దూరం ఐదువేల లోపు వస్తే వెంటనే అనుమానించండి.

అక్షాంశం, రేఖాంశం తారుమారు చెయ్యడం. కొన్ని మ్యాప్ ఫైళ్లలో రేఖాంశం ముందు రాస్తారు. మనదేశంలో అక్షాంశాలు 6 నుంచి 38 లోపే, రేఖాంశాలు 68 నుంచి 98 లోపే, కాబట్టి మన ఊళ్లకి పెద్ద నంబరే రేఖాంశం. విదేశాల్లో ఈ గుర్తు పనిచెయ్యదు, లండన్ హీత్రో రేఖాంశం -0.46 మాత్రమే.

డిగ్రీల తేడాని నేరుగా 111తో గుణించేయడం. అక్షాంశాల తేడా, రేఖాంశాల తేడా తీసుకుని పైథాగరస్ వేస్తారు కొందరు. మన ఉదాహరణకి అలా చేస్తే 17,800 దాటిపోతుంది, నాలుగు వేలకి పైగా ఎక్కువ. పైకి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరికొచ్చేస్తాయి కదా, ఆ లెక్కకి అది తెలీదు. హైదరాబాద్, విజయవాడ లాంటి దగ్గర ఊళ్లకైతే ఏదోలా సరిపెట్టుకోవచ్చు.

దగ్గర ఊళ్లు అంటే గుర్తొచ్చింది, ఈ కాస్ ఫార్ములా ఎక్కువ దూరాలకే బాగుంటుంది. వంద కిలోమీటర్ల లోపు చోట్లకి కాస్ విలువ 0.9999 ఎంతో వస్తుంది, నాలుగు అంకెలకి రౌండ్ చేస్తే జవాబు ఎగిరిపోతుంది. వాటికి హావర్‌సైన్ ఫార్ములా వాడతారు.

షీట్‌లో చేసేవాళ్లకి

ఎక్సెల్ అయినా గూగుల్ షీట్స్ అయినా సైన్, కాస్ ఫంక్షన్లు రేడియన్లే తీసుకుంటాయి, డిగ్రీ మోడ్ అంటూ ఉండదు. ప్రతి అక్షాంశాన్నీ, రేఖాంశాల తేడానీ ముందు రేడియన్స్ ఫంక్షన్‌లో పెట్టి తర్వాత సైన్, కాస్‌కి ఇవ్వండి. చివర్లో ఆర్క్ కాస్ ఇచ్చే జవాబు కూడా రేడియన్లలోనే కాబట్టి 111.195తో కాకుండా 6371తో గుణించాలి. మన లెక్కకి ఆ రేడియన్ల విలువ 2.125 చుట్టుపక్కల రావాలి. ఒక కాలమ్‌లో అక్షాంశాలు, ఇంకో కాలమ్‌లో రేఖాంశాలు పెట్టుకుంటే ముప్ఫై ఊళ్లకైనా ఒక్క లాగుడులో అయిపోతుంది.

విమానం ఎందుకు ఎక్కువ ఎగురుతుంది

మీరు 13,539 అని లెక్కేసి ట్రాకింగ్ సైట్‌లో చూస్తే ఇంత దూరం వెళ్లే నాన్‌స్టాప్ ఫ్లైట్ గ్రేట్ సర్కిల్ కంటే తరచు కొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువే చూపిస్తుంది. గాలివాటం చూసుకుని దారి మారుస్తారు, అది ఒకటి. టిబెట్ లాంటి ఎత్తైన చోట్ల మీదుగా వీలైనంత వెళ్లరు, ఎందుకంటే కేబిన్‌లో ప్రెజర్ పోతే విమానం గబగబా పదివేల అడుగులకి దిగాలి, కింద కొండలే అంతకంటే ఎత్తుంటే ఎక్కడికి దిగుతుంది? ఇక దేశాల గొడవలు సరేసరి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ ఎయిర్‌లైన్స్‌కి రష్యా గగనతలం మూసుకుపోయింది, ఎయిరిండియా మాత్రం వాడుతూ వచ్చింది, 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే వాళ్ల విమానం ఇంజన్ సమస్యతో రష్యాలో మగదాన్ అనే మారుమూల ఊళ్లో దిగింది కూడా. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన ఎయిర్‌లైన్స్‌కి మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటి వైపు వెళ్లే ఫ్లైట్లు చుట్టు తిరగాల్సొచ్చింది. వీటిల్లో ఏదీ మన ఫార్ములాలో లేదు, ఉండదు. కాబట్టి ఇంధనం ఖర్చు, కార్బన్ లాంటి లెక్కలకి గ్రేట్ సర్కిల్ అంకె అలాగే వాడితే తక్కువ చూపించినట్టు అవుతుంది.

పరిహారం కోసం అడిగేవాళ్లకి

యూరప్‌లో ఫ్లైట్ బాగా లేటైతేనో క్యాన్సిలైతేనో 261/2004 అనే రూల్ కింద డబ్బులిస్తారు, అది దూరాన్ని బట్టి ఉంటుంది, 1,500 కి.మీ. దాకా 250 యూరోలు, పైన 400, యూరప్ దాటి వెళ్లే ప్రయాణం 3,500 మించితే 600. ఆ దూరాన్ని గ్రేట్ సర్కిల్ పద్ధతిలోనే కొలవాలని రూల్‌లోనే రాసుంది. కనెక్షన్ ఫ్లైట్ అయితే ముక్కలన్నీ కూడుకోవచ్చా అని రోమ్ నుంచి బ్రస్సెల్స్ మీదుగా హాంబర్గ్ వెళ్లినవాళ్లు కేసేశారు, ముక్కలు కూడితే 1,656, నేరుగా అయితే 1,326. 2017 సెప్టెంబర్‌లో యూరోపియన్ కోర్టు నేరు దూరమే లెక్క అని తేల్చింది, అంటే 400 కాదు 250. కాబట్టి అక్కడ తిరిగే మన పిల్లలు క్లెయిమ్ వేసేటప్పుడు 8వ స్టెప్ వదిలేసి, మొదట ఎక్కిన ఎయిర్‌పోర్ట్, చివర దిగిన ఎయిర్‌పోర్ట్ మాత్రమే పెట్టి 7 దాకా చెయ్యండి. 1,500కి మరీ దగ్గరగా, అటో ఇటో అన్నట్టు వస్తే మాత్రం ఈ చేతి లెక్క మీద ఆధారపడకుండా భూమి అసలు ఆకారాన్ని లెక్కలోకి తీసుకునే సైట్‌లో చూసి ఆ నంబర్ రాయండి, అర శాతం అంటే అక్కడ ఏడెనిమిది కిలోమీటర్లు.